ఓటు ఓడిన రాత్రి డబ్బుతో ఏం చేస్తాం?

ఫలితాలు వచ్చిన రాత్రి నిద్ర పట్టదు. మనం నమ్మిన పక్షం ఓడిపోయి ఉండొచ్చు. గెలిచిన పక్షమే ఆర్నెల్లు తిరక్కుండా మాట తప్పి ఉండొచ్చు. ఏళ్లుగా ఎదురుచూసిన చట్టం సభలో వీగిపోయి ఉండొచ్చు. కారణం ఏదైనా, ఆ రాత్రి చేతిలో ఫోన్ ఉంటుంది, ఫోన్‌లో బ్యాంకు ఉంటుంది. ఒకరు ఉన్న షేర్లన్నీ అమ్మేస్తారు. ఇంకొకరు ఫలానా కంపెనీ సరుకు ఇక గడప తొక్కనివ్వనని ఒట్టు పెట్టుకుంటారు. ఒకరు స్తోమతకు మించి విరాళం పంపిస్తారు. మరొకరు ఏం చేయాలో తోచక, అక్కర్లేని వస్తువేదో కొనేసి పడుకుంటారు.

నేనూ ఒక ఫలితం తర్వాత నెలనెలా కట్టే మదుపు ఆపేశాను. పొద్దున లేచేసరికి మనసు కాస్త కుదుటపడింది కానీ, ఆపిన మదుపు మాత్రం అలాగే ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టడానికి ఏడాది దాటింది. ఆ ఏడాదిలో నా రాజకీయాలు మారలేదు, దేశ రాజకీయాలూ మారలేదు. నా పొదుపు ఒక్కటే చిక్కిపోయింది. ఈ వ్యాసం రాయాలని అప్పటినుంచీ అనుకుంటున్నాను. రాజకీయాలు పట్టించుకునేవాళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితికి వస్తారు. వాళ్ల బాధ నిజమైనది. ఆ బాధలో తీసుకునే నిర్ణయాలకు ఇంటిల్లిపాదీ ఖరీదు చెల్లిస్తారు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ రాత్రి మనం చేసే పని ఒకటిలా కనిపించినా అందులో మూడు పనులు పెనవేసుకుని ఉంటాయి. గుండెలో బరువు దించుకోవాలి. రాబోయే దెబ్బ నుంచి ఇంటిని కాపాడుకోవాలి. మన అభ్యంతరం ఏమిటో వినాల్సిన వాళ్లకు వినిపించాలి. మూడూ న్యాయమైన కోరికలే, మూడింటికీ డబ్బు ఉపయోగపడుతుంది. కానీ మొదటి పనికి రెండోదాని డబ్బు వాడితే ఇల్లు గుల్లవుతుంది. రెండో పని చేస్తూ మూడోది చేశామనుకుంటే నిరసన గాలిలో కలిసిపోతుంది. పెద్దలు ఎలుకల మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకోవడం అన్నది దీన్నే.

బాధకు బేరం తెలియదు

దుఃఖంలో ఉన్నప్పుడు వస్తువు విలువ మనకు వేరేగా కనిపిస్తుందని మనస్తత్వ శాస్త్రజ్ఞులు ప్రయోగాల్లో చూశారు. 2004లో జెన్నిఫర్ లెర్నర్, డెబోరా స్మాల్, జార్జ్ లోవెన్‌స్టైన్ కొంతమందికి విషాద దృశ్యం, కొంతమందికి అసహ్యం పుట్టించే దృశ్యం, మిగిలినవాళ్లకు ఏ భావమూ కలిగించని దృశ్యం చూపించారు. తర్వాత, పైకి సంబంధం లేనట్టు కనిపించే ఇంకో పనిలో, ఒక మామూలు వస్తువుకు వెల కట్టమన్నారు. అసహ్యం కలిగినవాళ్లు అమ్మడానికీ కొనడానికీ తక్కువ వెలే చెప్పారు. ఉన్నదాన్ని వదిలించుకోవాలి, కొత్తది దరి చేరనివ్వకూడదు అన్నట్టుగా. విషాదంలో ఉన్నవాళ్లు తమ దగ్గరున్నదాన్ని చవకగా అమ్మడానికి సిద్ధపడ్డారు, కొత్తదాన్ని ఎక్కువ పెట్టి కొనడానికీ సిద్ధపడ్డారు. ఉన్న స్థితి ఏదైనా సరే, అది మారిపోతే చాలన్న ఆరాటం అది.

ఈ ఫలితాన్ని ఓటమి రాత్రికి అన్వయించి చూడండి. ఉన్న షేర్లు చవకగా తెగనమ్మడం, అక్కర్లేనిది ఎక్కువ ధరకు కొనడం. ఈ రెండూ పైకి వ్యతిరేకంగా కనిపిస్తాయి గానీ, లోపల ఒకే విషాదం రెండింటినీ చేయిస్తుంది. ఆ తర్వాత 2008లో లెర్నర్ బృందం చేసిన మరో ప్రయోగంలో, విషాద దృశ్యం చూసినవాళ్లు ఒక నీళ్ల సీసాకు మిగిలినవాళ్లకంటే దాదాపు నాలుగింతలు పెట్టడానికి ఒప్పుకున్నారు. తాము చూసిన దృశ్యం తమ నిర్ణయం మీద పనిచేసిందని వాళ్లు అనుకోనేలేదు. నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఈ చివరి సంగతే. బాధ మన చేత ఖర్చు పెట్టిస్తున్నప్పుడు అది తన పేరు చెప్పుకోదు. తర్కంలా మాట్లాడుతుంది, లెక్కలు వేసినట్టే మాట్లాడుతుంది.

కోపం సంగతి వేరు. భయపడిన మనిషికి ప్రమాదం పెద్దదిగా కనిపిస్తే, కోపంగా ఉన్న మనిషికి అదే ప్రమాదం చిన్నదిగా కనిపిస్తుంది. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికా అంతటా ఎంపిక చేసిన వ్యక్తులపై జరిపిన అధ్యయనంలో ఈ తేడా స్పష్టంగా కనిపించింది. రాజకీయ నిరాశలో ఈ రెండూ పూటకోటి వస్తుంటాయి. అందుకే ఒకే మనిషి పొద్దున అంతా అమ్మేసి నగదు పట్టుకుని కూర్చోవాలంటాడు, సాయంత్రానికి ఉద్యోగం వదిలేసి ఉద్యమంలోకి దూకాలంటాడు. రెండు మాటలూ మనస్ఫూర్తిగానే అంటాడు.

కాబట్టి ఆ మొదటి రోజుల్లో బరువు దించుకోవడానికి కొంత డబ్బు పక్కన పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. నలుగురు స్నేహితులతో కలిసి ఒక పూట గడపడం, ఊరు విడిచి రెండు రోజులు ఎక్కడికైనా వెళ్లిరావడం, మనసుకు మందు లాంటివే. అది ఓదార్పు ఖర్చని మనకు తెలిసి ఉండాలి, దానికొక హద్దు ఉండాలి. అంతకుమించి పెద్ద నిర్ణయం ఏదైనా అమ్మకమో, అప్పో, రాజీనామానో అయితే ఒక నెల ఆగాలి. నెల తర్వాత కూడా అదే సరైనదనిపిస్తే అప్పుడు చేయొచ్చు. ఆ రాత్రి ఎందుకు చేయాలనిపించిందో ఒక కాగితం మీద రాసి పెట్టుకోవడం మంచిది. నెల తర్వాత ఆ కాగితం చదివితే అది రాసింది భయమో, కోపమో, నిజమైన లెక్కో మనకే తెలుస్తుంది.

మార్కెట్‌కు మన పార్టీ తెలియదు

దేశం ఎటు పోతోందన్న మన అంచనాలో మన పార్టీ ఎంత ఉందో ఒప్పుకోవడం కష్టం. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం దశాబ్దాలుగా వినియోగదారుల విశ్వాసాన్ని కొలుస్తోంది. 2016 ఎన్నికలో రిపబ్లికన్ ట్రంప్ గెలిచిన వెంటనే రిపబ్లికన్ల ఆశలు ఎగిశాయి, డెమొక్రాట్లవి కుప్పకూలాయి. 2020లో డెమొక్రాట్ బైడెన్ గెలిచాక సరిగ్గా తిరగబడింది. ఇద్దరూ చూస్తున్నది ఒకే ఆర్థిక వ్యవస్థను, ఒకే నెలలో.

ఆతిఫ్ మియాన్, అమీర్ సూఫీ, నస్రీన్ ఖోష్‌ఖూ ఇంకో అడుగు ముందుకు వేసి, ఇలా తలకిందులైన అంచనాలు వాళ్ల అసలు ఖర్చులో కనిపిస్తాయా అని చూశారు. దాదాపు కనిపించలేదు. మాటల్లో ప్రపంచం మునిగిపోయింది, కొనుగోళ్లు మాత్రం మామూలుగానే సాగాయి. ఇందులో నాకు ఓదార్పు ఉంది. రోజువారీ ఖర్చు దగ్గర మనుషులు తమ భయాన్ని తామే పూర్తిగా నమ్మరు.

మదుపు దగ్గర మాత్రం నమ్మేస్తారు. 2016 ఎన్నిక తర్వాత అమెరికన్ కుటుంబాల ఖాతాలను పరిశీలించిన మరో పరిశోధనలో, రిపబ్లికన్ మొగ్గున్నవాళ్లు షేర్ల వాటా పెంచుకున్నట్టు, డెమొక్రాట్ మొగ్గున్నవాళ్లు భద్రమైన వాటివైపు జరిగినట్టు తేలింది. ఆ మరుసటి ఏడాది 2017లో అమెరికా ప్రధాన సూచీ ఎస్ అండ్ పీ 500 దాదాపు 19 శాతం పెరిగింది. ఇది ఒక పక్షం పొరపాటు మాత్రమే అనుకోవద్దు. 2008లో డెమొక్రాట్ ఒబామా గెలిచినప్పుడు నిరాశపడి బయటికి వచ్చి, ఆయన ఉన్నంతకాలం దూరంగా ఉన్నవాళ్ల సంగతి చూడండి. 2009 మార్చిలో అడుగు తాకిన అదే సూచీ 2016 చివరికి మూడింతలు దాటింది. రెండు పక్షాల అభిమానులూ తమ దుఃఖానికి ఒకే రకమైన జరిమానా కట్టారు.

ఎందుకిలా జరుగుతుంది? ధరలు పడేది మొదటి గంటల్లో. మనం దుఃఖం నుంచి తేరుకుని అమ్మేసరికి ఆ పతనం అంతా ధరలో కలిసిపోయి ఉంటుంది. 2016 నవంబర్‌లో ట్రంప్ గెలుస్తున్నాడని తెలిసిన రాత్రి అమెరికా షేర్ల ఫ్యూచర్స్ (మార్కెట్ తెరవకముందే చేతులు మారే ముందస్తు ఒప్పందాలు) 5 శాతం పడి, ఇక పడకూడదన్న హద్దును తాకాయి. మర్నాడు అసలు మార్కెట్ లాభంతో ముగిసింది. అదే ఏడాది జూన్‌లో బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వెళ్లిపోవాలని ఓటేసినప్పుడు లండన్ ఎఫ్‌టీఎస్‌ఈ 100 సూచీ తొలిరోజు 3 శాతం పడి, వారంలోపే ఓటుకు ముందున్న స్థాయిని దాటింది. 2004 మే 17న ముంబై సెన్సెక్స్ ఎన్నికల ఫలితాల భయంతో ఒక్కరోజే 11 శాతం పడి, ట్రేడింగ్ రెండుసార్లు ఆగిపోయింది. ఆ ఏడాది ముగిసేసరికి ఆనాటి స్థాయికంటే ఎంతో పైన ఉంది. 2024 జూన్ 4న ఫలితాల రోజు 5 శాతానికి మించి పడిన సెన్సెక్స్ ఆ వారం ముగిసేలోపే పోయినదంతా రాబట్టుకుంది.

అమ్మి బయటికి వచ్చినవాళ్లు రెండుసార్లు సరిగ్గా ఊహించాలి, ఎప్పుడు వెళ్లాలో, ఎప్పుడు తిరిగి రావాలో. మొదటిది భయం చేయిస్తుంది కాబట్టి సులువు. రెండోది చేయించడానికి ఏ భావమూ ముందుకు రాదు. మనకు నచ్చని ప్రభుత్వం ఉండగా మార్కెట్ పెరిగితే, తిరిగి రావడం అంటే ఆ ప్రభుత్వం గెలిచిందని ఒప్పుకున్నట్టు అనిపిస్తుంది. అందుకే ఆ అడుగు వేయలేకపోతాం. ఏడాది పాటు నన్ను ఆపింది కూడా అదే.

అయితే పైన చెప్పిన బ్రిటన్ ఓటు (బ్రెగ్జిట్) కథలో నేను సగమే చెప్పాను. షేర్ల సూచీ వారంలో కోలుకుంది గానీ, పౌండు కోలుకోలేదు. ఒక్కరోజులో డాలరుతో పోలిస్తే 8 శాతం దాకా పడిపోయి, ఏళ్ల తరబడి ఓటుకు ముందున్న స్థాయికి చేరనేలేదు. దిగుమతి అయ్యే వస్తువుల ధరలు పెరిగాయి. షేర్లు లేని మామూలు మనిషికి తగిలింది ఆ రెండో దెబ్బే. అంతా సర్దుకుంటుందిలే అనడం సగం నిజమే అవుతుంది.

భయం నిజమైనప్పుడు

రాజకీయం ఇంట్లో డబ్బుల డబ్బాను నేరుగా తాకే సందర్భాలు ఉన్నాయి. అర్జెంటీనాలో 2001 డిసెంబర్‌లో ప్రభుత్వం బ్యాంకుల నుంచి వారానికి 250 పెసోలకు మించి నగదు తీసుకోకుండా కట్టడి చేసింది. కొద్ది వారాలకే డాలరుకు ఒకటిగా ఉన్న పెసో విలువ కూలిపోయింది. గ్రీస్‌లో 2015 జూన్ చివర బ్యాంకులు మూతపడి, ఏటీఎంల దగ్గర రోజుకు 60 యూరోల పరిమితి వచ్చింది. ఆ కట్టడి పూర్తిగా తొలగేసరికి 2019 వచ్చింది. అలాంటి చోట ముందే జాగ్రత్తపడినవాళ్లను ఎవరూ ఆవేశపరులనలేరు.

మరి మన భయం ఏ రకానిదో ఎలా తేల్చుకోవాలి? నేను పాటించే పద్ధతి ఒకటుంది. మన ఇంటి నెలవారీ లెక్క ముందు పెట్టుకుని, ఈ రాజకీయ పరిణామం ఇందులో ఏ వరుసను, ఏ నెల నుంచి, ఎంత మారుస్తుందని అడగాలి. జవాబు రాయగలిగితే అది ముప్పు. దాని సంగతి వెంటనే చూడాలి. “మొత్తానికి అంతా నాశనం” అన్న మాట తప్ప ఒక్క వరుస కూడా దొరక్కపోతే, అది దుఃఖం. దుఃఖాన్ని దుఃఖంగానే గౌరవించాలి, దానికోసం మదుపు పద్ధతి మార్చక్కర్లేదు.

ఈ తేడాను జర్మనీలో జరిగిన ఒక పరిణామం చక్కగా చూపిస్తుంది. 1998 ఎన్నికల ముందు అక్కడి పింఛన్ సంస్కరణ భవితవ్యం గాలిలో దీపంలా ఉండేది. ఉన్న ప్రభుత్వం సంస్కరణ తెచ్చింది, తాము వస్తే వెనక్కి తీసుకుంటామని ప్రతిపక్షం చెప్పింది. ఫ్రాంచెస్కో జావాజ్జి, మైఖేల్ మెక్‌మాహన్ అనే ఆర్థికవేత్తలు ఆ కాలపు కుటుంబాల పొదుపును పరిశీలించారు. ఆ సంస్కరణ వర్తించని ప్రభుత్వోద్యోగులతో పోలిస్తే, వర్తించే కుటుంబాలు పొదుపు పెంచాయి. వాళ్లు ఆవేశపడలేదు, పార్టీని బట్టి ఆస్తులు అమ్మలేదు. తమ పింఛన్ అనే ఒక వరుస అనిశ్చితిలో పడిందని గుర్తించి, ఆ వరుసకు సరిపడా కాస్త ఎక్కువ దాచుకున్నారు. రాజకీయ అనిశ్చితికి నాకు తెలిసిన అతి తెలివైన సమాధానం ఇదే.

దెబ్బ అందరికీ ఒకేలా తగలదు. జీతం ప్రభుత్వ నిధుల మీద ఆధారపడిన కాంట్రాక్టు ఉద్యోగి, సాయం మీద బతికే వృద్ధురాలు, వీసా మీద పరాయి దేశంలో ఉన్న కార్మికుడు, ఒకే మందు మీద ప్రాణం నిలబడిన రోగి. వీళ్లకు ఒక సంతకంతో నెల ఆదాయం ఆగిపోవచ్చు, లేదా నెల ఖర్చు రెట్టింపు కావచ్చు. మార్కెట్ వారంలో సర్దుకుందని వీళ్లకు చెప్పడం క్రూరత్వం. వీళ్ల ఇళ్లలో ముందుగా పెరగాల్సింది చేతికందే నగదు. మామూలుగా మూడు నుంచి ఆరు నెలల ఖర్చు దాచుకోమంటారు. ఆదాయం రాజకీయ నిర్ణయం మీద వేలాడుతున్నవాళ్లు అంతకంటే ఎక్కువ వైపే చూడాలి. అది ఒక్కసారి కుదరకపోతే ఒక నెల ఖర్చుతోనైనా మొదలుపెట్టాలి. కొత్త అప్పు తీసుకోకపోవడం, ఎక్కువ వడ్డీ ఉన్న అప్పును ముందు తీర్చడం, వడ్డీ మారే రుణమైతే ఎంత పెరిగినా కట్టగలమో లెక్కేసుకోవడం, కాగితాలు సిద్ధంగా ఉంచుకోవడం. ఇవన్నీ ఎవరు గెలిచినా పనికొస్తాయి. ముప్పు రాకపోయినా ఈ జాగ్రత్త వల్ల పోయేదేమీ లేదు. అన్నీ అమ్మేయడానికీ దీనికీ ఉన్న తేడా అదే.

వాగ్దానానికీ చట్టానికీ మధ్య చాలా దూరం ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. ప్రసంగం బిల్లు కావాలి, బిల్లు సభ దాటాలి, నిబంధనలు రావాలి, కోర్టులు ఒప్పుకోవాలి, అమలు తేదీ రావాలి. ఒక్కో మెట్టు దగ్గర దాని రూపు మారుతుంది. ప్రసంగం విన్న రోజే జీవితాన్ని మార్చుకుంటే, ఎప్పటికీ రాని చట్టానికి తగ్గట్టు మన ఇంటిని కుదించుకున్నవాళ్లమవుతాం. ఏ మెట్టు దగ్గర కదలాలో ముందే నిర్ణయించుకుంటే రోజూ వార్తలు చూసి బెంబేలెత్తే పని తప్పుతుంది.

చక్కెర మానేసిన ఇళ్లు

ఇక నిరసన. డబ్బును మాటలా వాడటం కొత్త సంగతేం కాదు, దానికి చాలా గొప్ప చరిత్ర ఉంది. 1791 ఏప్రిల్‌లో బానిస వ్యాపారాన్ని ఆపాలని విల్బర్‌ఫోర్స్ అనే ఎంపీ పెట్టిన ప్రతిపాదన బ్రిటిష్ పార్లమెంటులో 88కి 163 ఓట్లతో ఓడిపోయింది. వేలమంది సంతకాలు చేసి, ఏళ్లపాటు సాక్ష్యాలు సేకరించిన ఉద్యమం అది. ఓటు హక్కే లేని మామూలు జనానికి ఆ ఓటమి తర్వాత మిగిలింది తమ వంటిల్లు ఒక్కటే. ఆ ఏడాదే విలియం ఫాక్స్ అనే వ్యక్తి ఒక కరపత్రం వేశాడు. కరీబియన్ దీవుల్లో బానిసల చేత పండించిన చక్కెర తినడమంటే ఆ నేరంలో పాలుపంచుకోవడమేనన్నాడు. వారానికి 5 పౌండ్ల బరువు చక్కెర వాడే కుటుంబం 21 నెలలు మానేస్తే ఒక మనిషిని బానిసత్వం నుంచి, చావు నుంచి తప్పించినట్టేనని లెక్క కట్టి చూపించాడు. ఉద్యమం కోసం దేశమంతా తిరిగిన థామస్ క్లార్క్‌సన్ అంచనా ప్రకారం 3 లక్షలమంది చక్కెర మానేశారు.

ఈ లెక్క చదివినప్పుడల్లా నాకు ఒళ్లు గగుర్పొడుస్తుంది. ఓడిపోయిన ఓటును ఇంటి ఖర్చులోకి తెచ్చి, దానికి కొలత ఇచ్చాడాయన. ఏం మానేయాలి, ఎంతకాలం, దేనికోసం. ఈ కాలపు బహిష్కరణల్లో నాకు కనిపించని స్పష్టత అది.

బహిష్కరణకు ఇంగ్లీషులో పేరు తెచ్చిపెట్టిన కథలోనూ ఇదే బిగువు ఉంది. 1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటుతో ఊరు ఊరంతా పని మానేసింది. కోతకు కూలీలు లేరు, సరుకు అమ్మేవాడు లేడు. బయటినుంచి 50 మందిని తెచ్చి, వాళ్ల చుట్టూ దాదాపు వెయ్యిమంది సైనికులను, పోలీసులను కాపలా పెట్టి కోత కోయించారు. సుమారు 500 పౌండ్ల పంటకు 10,000 పౌండ్లు ఖర్చయిందని అప్పట్లో అంచనా వేశారు. అమెరికాలోని మాంట్‌గోమరీ నగరంలో నల్లజాతి ప్రజలు 1955 డిసెంబర్ 5 నుంచి 381 రోజులు బస్సులెక్కలేదు. ఆ బస్సుల్లో ప్రయాణించేవాళ్లలో నాలుగింట మూడొంతులు వాళ్లే. నడిచారు, దాదాపు 300 కార్లతో సొంత రవాణా ఏర్పాటు చేసుకున్నారు. అడిగింది చిన్నది, స్పష్టమైనది: మర్యాద, ముందొచ్చినవాళ్లకు ముందు సీటు, నల్లజాతి డ్రైవర్లకు ఉద్యోగం. చివరికి గెలిపించింది సుప్రీంకోర్టు తీర్పు. కేసు కోర్టులో నడుస్తున్నంతకాలం ఉద్యమాన్ని నిలబెట్టింది బస్సెక్కని జనం.

ఈ మూడు కథల్లోనూ అవతలివాళ్ల ఆదాయంలో నిరసనకారుల వాటా పెద్దది, బదులు దారి ఉంది, కలిసికట్టుగా చేశారు, ఎప్పుడు ఆపాలో తెలుసు. ఇప్పుడు కోపంగా ఫోన్‌లో ఒక కంపెనీ యాప్ తీసేసే ఒంటరి మనిషిని తలచుకోండి. ఆ కంపెనీకి చీమ కుట్టినట్టైనా ఉండదు. 2020లో అమెరికాలో ఒక ఆహార పదార్థాల కంపెనీ అధిపతి అధ్యక్షుడిని పొగిడినప్పుడు సామాజిక మాధ్యమాలంతా బహిష్కరణ పిలుపులతో హోరెత్తింది. అమ్మకాల లెక్కలు తీసిన పరిశోధకులకు తేలింది వేరు. సమర్థకులు ఎగబడి కొనడంతో అమ్మకాలు 22 శాతం పెరిగాయి. ఆ పెరుగుదల కూడా మూడు వారాల్లో ఆవిరైపోయింది. పొగడ్తా తెగడ్తా రెండూ నెల తిరక్కుండా మాసిపోయాయి.

బ్రేడెన్ కింగ్ అనే సామాజిక శాస్త్రవేత్త ఇంకో సంగతి గమనించాడు. కంపెనీలు బహిష్కరణకు లొంగేది ఎక్కువగా అమ్మకాలు పడిపోయి కాదు, పరువు పోతుందన్న భయంతో. పత్రికల్లో ఎంత కనిపిస్తే అంత ఒత్తిడి. దీన్ని బట్టి చూస్తే మౌనంగా కొనడం మానేయడం కన్నా, ఎందుకు మానేశామో రాసి పంపడానికి, పదిమందితో కలిసి చెప్పడానికి విలువ ఎక్కువ. అందుకు పైసా ఖర్చు లేదు. షేర్లు అమ్మి నిరసన తెలపడం మరీ బలహీనం. మనం అమ్మితే ఇంకెవరో కొంటారు, కంపెనీ ఖాతాలో ఏదీ మారదు. పెద్ద సంస్థలు బాహాటంగా చేస్తే వాటికి ఉన్న పేరు వల్ల కొంత పనిచేస్తుంది.

నిరసనలో ఇంకో ఉచ్చు ఉంది. “మన విలువలకు తగిన” వస్తువు పేరుతో ఎక్కువ ధర పెట్టి, ముందుకంటే ఎక్కువ కొనడం. 1820ల్లో బ్రిటన్‌లో బానిసల చేత చేయించనిదంటూ భారతదేశపు చక్కెరను పేరు చెక్కిన గిన్నెల్లో పెట్టి వాడేవారు. ఆ గిన్నె అతిథులతో మాట్లాడింది, దానివల్ల చర్చ జరిగింది. ఈ రోజు మనం కొనే నినాదాల చొక్కా ఎవరితో ఏం మాట్లాడుతుందో ఆలోచించి కొనాలి. అంతకన్నా ముఖ్యంగా, ఖరీదైన ప్రత్యామ్నాయం కొనలేని పేదవాడిని పిరికివాడిగా చూడకూడదు. గడవడానికి చవకదే కొనాల్సిన ఇంటికి నిరసన ఖర్చు వేరే రూపంలో ఉంటుంది. ఒక సాయంత్రం సమయం, ఒక సంతకం, పోలింగ్ బూత్ దాకా పొరుగింటివాళ్లను తీసుకెళ్లడం.

విరాళం, ఇంట్లో మాట

విరాళాల్లోనూ అలల స్వభావమే కనిపిస్తుంది. 2017 జనవరిలో అమెరికాలో కొన్ని ముస్లిం దేశాల పౌరులపై ప్రయాణ నిషేధం ప్రకటించిన వారాంతంలో, పౌర హక్కుల కోసం కోర్టుల్లో పోరాడే అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్‌కు ఆన్‌లైన్‌లో దాదాపు 2 కోట్ల 40 లక్షల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బుతో చాలా పని జరుగుతుంది. కానీ లాయర్లను నియమించాలన్నా, విలేకరికి జీతమివ్వాలన్నా సంస్థకు కావాల్సింది వచ్చే ఏడాది ఎంత వస్తుందన్న భరోసా. కోపం వచ్చినప్పుడు పదింతలు ఇచ్చి మర్చిపోవడం కన్నా, ఆదాయంలో 1 శాతమో, 2 శాతమో నెలనెలా దానంతటదే వెళ్లేలా ఏర్పాటు చేసుకోవడం ఆ సంస్థకూ మంచిది, మన ఇంటికీ మంచిది. వార్తల మీద నమ్మకం పోయి పత్రిక చందా రద్దు చేసేముందు కూడా ఒకసారి ఆగాలి. పాఠకుల డబ్బుతో నడిచే పత్రిక బక్కచిక్కితే దాని చోటు తీసుకునేది ఎవరి డబ్బో మనకు తెలుసు.

పన్ను ఎగ్గొట్టి నిరసన తెలపాలని అనిపించేవాళ్లకు ఒక్క మాట. అమెరికన్ రచయిత హెన్రీ థోరో 1846లో తలపన్ను కట్టక ఒక రాత్రి జైల్లో ఉన్నాడు, బయటినుంచి ఎవరో ఆ పన్ను కట్టేశారు. ఆయనకు పిల్లల్లేరు, ఇంటి అప్పు లేదు. ఈ రోజు వడ్డీలు, జరిమానాలు, ఖాతాల జప్తు అన్నీ కుటుంబం నెత్తిన పడతాయి. ఆ దారి ఎంచుకునేవాళ్లు మొత్తం మూల్యం తెలిసి, ఇంట్లో అందరి సమ్మతితో ఎంచుకోవాలి.

ఇంట్లో అందరి సమ్మతి అన్నది పన్నుకే కాదు, అన్నింటికీ వర్తిస్తుంది. భార్యాభర్తలు చెరో పక్షానికి ఓటేసిన ఇళ్లు చాలా ఉంటాయి. ఉమ్మడి ఖాతాలోంచి ఒకరు తమ బాధకు ఖర్చు పెడితే, రెండోవాళ్లకు అది తమ ఓటు మీద వేసిన జరిమానాలా అనిపిస్తుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపితే పగిలేది ఇంట్లో పాలకుండే. అందుకే కొంత మొత్తం ఎవరిది వాళ్లకు వేరుగా ఉంచుకుని, అందులోంచి ఎవరి మనస్సాక్షి ప్రకారం వాళ్లు విరాళమిచ్చుకునే ఏర్పాటు మంచిది. ఉమ్మడి డబ్బు మాత్రం పిల్లల చదువుకు, జబ్బుకు, అద్దెకు. దాని జోలికి ఏ ఎన్నికా రాకూడదు.

చక్కెర మానేసిన ఆ ఇళ్ల కథ 1791తో ముగియలేదు. ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలయ్యాక సంస్కరణ మాట ఎత్తితేనే దేశద్రోహమన్న అనుమానం వచ్చి, బహిష్కరణ చల్లబడింది. బానిస వ్యాపారాన్ని రద్దు చేసే చట్టం 1807లో వచ్చింది. బానిసత్వం మాత్రం అలాగే మిగిలింది. 1820ల్లో ఎలిజబెత్ హెయ్‌రిక్ వంటి స్త్రీలు మళ్లీ చక్కెర మానేయమని పిలుపునిచ్చారు. బర్మింగ్‌హామ్‌లో స్త్రీలు సంఘం పెట్టుకుని ఇంటింటికీ వెళ్లి తలుపు తట్టారు, ఇంట్లో ఎంత చక్కెర వాడతారని అడిగారు, మానేస్తామని మాట తీసుకుని తర్వాతి గుమ్మం ఎక్కారు. వాళ్లెవరికీ ఓటు లేదు. బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దు చేసే చట్టం 1833లో వచ్చింది.